కుండ, పుట్ట, రోకలి



దేవుడున్నాడా లేడా అన్న చర్చకు అధ్యక్షత వహించమని నిర్వాహకులు అడిగినప్పుడు నేను వెంటనే ఒప్పుకున్నాను. సభ గుంటూరులో జరుగుతుండడం ఒక కారణం. రెండో కారణం మా నాయనమ్మ.

గుంటూరు సంగతి ముందు చెబుతాను. 1868 ఆగస్టు 18న ఇక్కడ సంపూర్ణ సూర్యగ్రహణం పట్టింది. దాన్ని చూడడానికి పియర్ జాన్సెన్ అనే ఫ్రెంచి ఖగోళ శాస్త్రజ్ఞుడు సముద్రాలు దాటి ఈ ఊరు వచ్చి వర్ణపటదర్శిని బిగించుకున్నాడు. సూర్యుడి అంచున ఎగిసే జ్వాలలు వేడికి వెలిగే వాయువులని ఆ కాసేపట్లో తేల్చుకున్నాడు. మర్నాడు గ్రహణం లేకుండానే ఆ జ్వాలలను చూసే పద్ధతి కనిపెట్టాడు. ఆ ఏడాది సూర్యకాంతిలో గుర్తించిన ఒక పసుపు గీత భూమ్మీద తెలిసిన ఏ మూలకానికీ సరిపోలేదు. ఆ కొత్త మూలకానికే హీలియం అని పేరు పెట్టారు. 1895లో విలియం రామ్సే ప్రయోగశాలలో పట్టుకునేదాకా అది సూర్యుడిలో ఉందని మాత్రమే తెలుసు. ముప్పై ఏళ్ళు భౌతికశాస్త్రం చెప్పినవాణ్ణి. ఈ ఊరి ఆకాశానికి ఆ చరిత్రలో చోటుందని పిల్లలకు చెప్పిన ప్రతిసారీ నాకు ఒళ్ళు పులకరించేది.

1868లో ఆ గ్రహణం పూట ఇక్కడి ఇళ్ళల్లో ఏం చేసి ఉంటారో నేను ఊహించుకోగలను. 1980 ఫిబ్రవరి 16 మధ్యాహ్నం మా ఇంట్లో ఏం చేశారో చూశాను కనుక. ఆవకాయ జాడీ మీదా, మజ్జిగ కుండ మీదా దర్భలు వేశారు. తలుపులు మూశారు. పట్టు స్నానమైంది. నాయనమ్మ ఇత్తడి పళ్ళెంలో నీళ్ళు పోసి, అందులో రోకలిని నిలువుగా పెట్టి, రెండు చేతులూ మెల్లగా తీసింది. రోకలి నిలబడింది. గ్రహణం ఉన్నంతసేపూ అలాగే నిలబడుతుందనీ, విడవగానే పడిపోతుందనీ చెప్పింది. బయట వెలుగు మసకబారింది, కాకులు చెట్లకు చేరాయి. పిల్లలందరం ఆ పళ్ళెం చుట్టూ ఊపిరి బిగబట్టి కూర్చున్నాం. హైదరాబాదు దగ్గర జపాల్-రంగాపూర్ వేధశాల నుంచి శాస్త్రజ్ఞులు సంపూర్ణ గ్రహణాన్ని చూశారని తరవాత చదివాను.

వారం పోయాక, ఇంట్లో అందరూ పడుకున్న వేళ, అదే పళ్ళెంలో అదే రోకలిని నేను నిలబెట్టాను. మూడోసారికి నిలబడింది. తిరగేసి చూస్తే ఇనప పొన్ను అడుగు అరిగి చదునైపోయి ఉంది. ఓపిక ఉంటే ఏ రోజైనా నిలబడుతుంది. నాయనమ్మ లేచి వచ్చి చూసింది. కాసేపు ఏమీ అనలేదు. "నిలబడితే నిలబడిందిలేరా, తీసి మూల పెట్టు" అంది. ఆ సాయంత్రం ఎప్పటిలాగే దీపం వెలిగించింది. ఆమె భక్తి ఆ రోకలి మీద ఆధారపడి లేదని నాకు అర్థం కావడానికి చాలా ఏళ్ళు పట్టింది. రోకలి పడితే దేవుడు పడ్డాడని నేను ఇంటర్మీడియట్ రోజుల్లో స్నేహితులతో గట్టిగా వాదించేవాణ్ణి. అది పొరపాటు వాదన. ఎందుకు పొరపాటో తర్కం నేర్పే న్యాయశాస్త్రం చదివాక తెలిసింది.

శాస్త్రమన్న మాటతో మన భాషలో ఒక చిక్కుంది. సైన్సునూ శాస్త్రమే అంటాం, ధర్మగ్రంథాన్నీ శాస్త్రమే అంటాం. రెండూ ఎదురుపడిన సందర్భం మన చరిత్రలో గ్రహణమే. క్రీ.శ. 499లో ఇరవై మూడేళ్ళ ఆర్యభటుడు చంద్రుడు సూర్యుణ్ణి కప్పుతాడనీ, భూమి నీడ చంద్రుణ్ణి కప్పుతుందనీ రాశాడు. 628లో బ్రహ్మగుప్తుడు అతన్ని తప్పుపట్టాడు. రాహువు లేడనడం వేదానికీ స్మృతికీ విరుద్ధమన్నాడు. గ్రహణం లెక్క కట్టవలసి వచ్చినప్పుడు మాత్రం తానూ ఆ నీడ కొలతలతోనే కట్టాడు. 1030 ప్రాంతంలో అల్‌బీరూనీ అనే పండితుడు ఇది చదివి, ఇంత గొప్ప గణితజ్ఞుడు ఇలా ఎందుకు రాశాడని మథనపడ్డాడు. సోక్రటీసుకు వచ్చిన ఆపదలాంటిదేదో ఇతనికీ వచ్చి ఉంటుందని అనుకున్నాడు. నిజమేమిటో బ్రహ్మగుప్తుడికే తెలియాలి. లెక్కలో ఒకటి, మాటలో ఒకటి పెట్టుకుని బతకవలసి రావడం ఏ పండితుడికీ రాకూడని కష్టమని మాత్రం నాకు అనిపిస్తుంది. అలాంటి కష్టం ఇవాళ్టికీ ఉంది. ఈ సభలో కూర్చున్న విజ్ఞానశాస్త్ర అధ్యాపకుల్లో కొందరికి ఆ సంగతి బాగా తెలుసు.

ఇప్పుడు అసలు వాదానికి వస్తాను. సృష్టిని చూసి స్రష్టను ఊహించడం అన్నిటికన్నా బలమైన వాదమని పేరు. పదో శతాబ్దంలో ఉదయనాచార్యుడు న్యాయకుసుమాంజలిలో ఈశ్వరసిద్ధికి పేర్చిన హేతువుల్లో మొదటిది ఇదే. కుండ ఉంది కనుక కుమ్మరి ఉన్నాడు, జగత్తు కూడా కార్యమే కనుక దానికీ కర్త ఉండాలి. ఇంగ్లండులో విలియం పేలీ 1802లో కుండకు బదులు గడియారం పెట్టి ఇదే చెప్పాడు. దీనికి జవాబు ఉదయనుడి కన్నా మూడు వందల ఏళ్ళకు పైగా ముందే బౌద్ధ తార్కికుడు ధర్మకీర్తి చెప్పి ఉంచాడు. ఆయన నడిచింది దిఙ్నాగుడు వేసిన తర్కమార్గంలో. ఆ దిఙ్నాగుడు మన వేంగి ప్రాంతంలో ఉన్నాడని చైనా యాత్రికుడు హ్యూన్ త్సాంగ్ రాశాడు. ధర్మకీర్తి అడిగింది ఇంతే: మట్టికి ఒక ఆకారం వచ్చినంత మాత్రాన కుమ్మరి ఉన్నాడనుకోవాలంటే, పుట్టకు కూడా కుమ్మరి ఉన్నాడనాలి కదా?

ఈ పుట్ట దగ్గర కాసేపు ఆగుతాను. మన పొలాల గట్ల మీద మనిషెత్తు పుట్టలు లేస్తాయి. గొట్టాలు, అరలు, లోపల గాలి ఆడే దారులు, ఎండకు బీటలు వారని గోడలు. నాగుల చవితికి మనం పాలు పోసేది వాటిలోనే. ఇంత పని ఎవరు చేయించారు? చెదపురుగుకు పుట్ట మొత్తం తెలియదు. లోపల మేస్త్రీ లేడు, నమూనా లేదు. 1959లో పియర్-పాల్ గ్రాసే అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు దీని గుట్టు చెప్పాడు. ఒక పురుగు ఎంగిలితో తడిపిన మట్టి ఉండను ఎక్కడో పెడుతుంది. ఆ ఉండే పక్క పురుగును అక్కడికి లాగుతుంది. అది ఇంకో ఉండ పెడుతుంది. చేసిన పనే చేయవలసిన పనిని పుట్టిస్తుంది. అలా స్తంభం లేస్తుంది, రెండు స్తంభాలు వంగి కలుస్తాయి, కమాను అవుతుంది. 1859లో డార్విన్ ప్రాణుల విషయంలో చూపించినది కూడా ఈ కోవలోదే. కర్త కనిపించని చోట కర్తను ఊహించేముందు, పని తనంతట తాను పోగయ్యే దారి ఏదైనా ఉందేమో వెతకాలి.

కుండ నుంచి జగత్తుకు ఎక్కే ఆ మెట్టు విరిగిందనే నా నిర్ణయం. కానీ అక్కడితో దేవుడు లేడని రుజువైపోలేదు. సహజకారణం దొరకడం అన్నది దేవుడున్నాడనేవాడికీ లేడనేవాడికీ సమానంగా సరిపోయే హేతువు. నైయాయికులు, అంటే న్యాయశాస్త్ర పండితులు, దీన్ని సవ్యభిచారం అన్నారు. ఇంటర్మీడియట్‌లో నేను చేసిన పొరపాటు ఇదే.

ఇంకో సంగతి యువకులకు చెప్పాలి. ఈ దేశంలో దేవుణ్ణి ప్రశ్నించినవాళ్ళంతా వేదం కాదన్నవాళ్ళు కారు. వేదప్రామాణ్యం కోసం జీవితం ధారపోసిన కుమారిలభట్టు శ్లోకవార్తికంలో సృష్టికర్తను నిలదీశాడు. సృష్టి జరగక ముందు దాన్ని చూసి సాక్ష్యం చెప్పినవాడెవడు? దయతో సృష్టించాడంటే, అప్పటికి ఏ ప్రాణీ లేనప్పుడు ఆ దయ ఎవరి మీద? ఇంత దుఃఖం ఉన్న లోకాన్ని దయగలవాడు ఎందుకు చేశాడు? ఆస్తికుడంటే మనవాళ్ళకు వేదాన్ని ఒప్పుకున్నవాడని అర్థం. దేవుణ్ణి ఒప్పుకున్నవాడని మనం ఈమధ్య మార్చుకున్నాం. ఆ మార్పులో ఎంతో పోగొట్టుకున్నాం.

అన్నిటికన్నా ఎక్కువ పోగొట్టుకున్నది వాదమర్యాద. న్యాయసూత్రాలు చర్చను మూడుగా విడదీశాయి. ప్రమాణాలతో నిజం తేల్చుకునేది వాదం. గెలుపు కోసం చేసేది జల్పం. తన పక్షమంటూ పెట్టకుండా ఎదుటివాడి పక్షాన్ని పడగొట్టేది వితండ. ఓడినట్టు ఎప్పుడు ఒప్పుకోవాలో చెప్పే నిగ్రహస్థానాలు 22. అందులో ఒకటి హేత్వంతరం, అంటే చెప్పిన హేతువు నిలవనప్పుడు మెల్లగా ఇంకో హేతువు తగిలించడం. రోకలి ఏ రోజైనా నిలబడుతుందంటే గ్రహణ కిరణాలంటారు, కిరణాలు చూపించమంటే క్వాంటమ్ అంటారు. దేవుడు లేడనేవాళ్ళ వైపు కూడా, ఒక మూఢనమ్మకాన్ని బయటపెట్టి దానితో మొత్తం ఆధ్యాత్మికతనే కొట్టిపారేస్తారు. రెండు చోట్లా సభ చప్పట్లు కొడుతుంది, చర్చ అంగుళం కదలదు.

కదిలిన చర్చ ఒకటి మన తెలుగువాడే చేశాడు. గోరా, అంటే గోపరాజు రామచంద్రరావు గారు, వృక్షశాస్త్ర అధ్యాపకులు. నాస్తికత్వం వల్ల ఉద్యోగం పోయినా మాట మార్చలేదు. 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రం మొదలుపెట్టారు. సేవాగ్రామం వెళ్ళి గాంధీగారితో కూర్చుని మాట్లాడారు. గాంధీగారు నాస్తికులు కాలేదు, గోరా ఆస్తికులు కాలేదు. కానీ అంటరానివారుగా చూడబడిన కులం యువకుడితో తమ కూతురి పెళ్ళికి గోరా సిద్ధపడినప్పుడు, ఆశ్రమంలో ఆ పెళ్ళి జరిపిస్తానని గాంధీగారు ఒప్పుకున్నారు. పెళ్ళి ప్రమాణంలో దేవుడి బదులు సత్యం అని చెప్పించడానికి కూడా సిద్ధపడ్డారు. ఆ పెళ్ళి ఆయన పోయాక, 1948లో, సేవాగ్రామంలోనే జరిగింది. ఇద్దరూ తమ నమ్మకం వదలకుండానే ఒకే పందిరి కిందికి రావడానికి ఒప్పుకున్నారు. వాదమంటే ఇదీ అని నేను మా విద్యార్థులకు చెబుతూ వచ్చాను.

అందుకని వక్తలకు ఒక్క మనవి. పత్రం చదివేముందు, ఏ రుజువు కనిపిస్తే మీ అభిప్రాయం మార్చుకుంటారో ఒక్క వాక్యంలో చెప్పండి. అధ్యక్షుడిగా ముందు నేను చెబుతాను. గ్రహణం ఫలానా రోజు, ఫలానా నిమిషానికి పడుతుందని లెక్క కట్టి ముందే చెప్పి, నమ్మనివాడి కంటికి కూడా చూపించారు మన పంచాంగకర్తలు. దైవశక్తి పని ఏదైనా అలా ముందే చెప్పి, నమ్మనివాళ్ళ పరీక్షకు నిలిపి చూపించండి. ఇదే వేదిక మీద నిలబడి నా మాట వెనక్కి తీసుకుంటాను.

మొదటి పత్రం న్యాయదర్శనం మీద. వక్తను వేదిక మీదికి ఆహ్వానిస్తున్నాను.