మ్రోగును గాని పలుకని ఫోను
(మన సంఘ కుటుంబముల సమావేశమున చదువబడిన ఉపన్యాస పాఠము)



నేడు మాకు ఒప్పగింపబడిన విషయము మిక్కిలి చిన్నదిగా తోచవచ్చును. ఫోను మ్రోగును. ఎత్తి “ఎవరండీ” అందుము. అవతలి మాట వినబడదు. పాట పెట్టినను వినబడదు. తెర పైభాగమున మాత్రము హెడ్‌ఫోను బొమ్మ యొకటి కదలక నిలిచియుండును. హెడ్‌ఫోను తగిలింపబడినదని ఫోను అనుకొనుచున్నది. తగిలించినవారు ఇంటిలో ఎవరును లేరు. ఈ జాడ్యము ఏల కలుగును, ఇంటిలోనే ఎంతవరకు కుదుర్చుకొనవచ్చును, పనివాని యొద్దకు ఎప్పుడు పోవలెను అన్నదే మేము చెప్పదలచినది.

ఇంతటి దానికి సభ యెందుకని కొందరు నవ్వుకొనవచ్చును. మన కుటుంబముల స్థితి యొకసారి తలచుకొనుడు. హోసూరులోను, బళ్ళారిలోను, బరంపురములోను, షోలాపురములోను తరతరములుగా నిలిచిన మన ఇండ్లలో తెలుగు వ్రాతలో కంటె నోటిలోనే ఎక్కువగా బ్రదికియున్నది. అవ్వకు వచ్చినది తెలుగు లిపి యొక్కటే. కొన్ని ఇండ్లలో అదియును లేదు. మనుమరాలు మరాఠీనో, తమిళమునో, ఒడియానో, కన్నడమునో చదివి ఉద్యోగమునకు దూరదేశము పోయినది. తెలుగు చక్కగా మాటలాడును గాని చదువలేదు. ఫోను చెడినదని ఒక ముక్క వ్రాసి పంపుదమన్నను ఈమె వ్రాసినది ఆమెకు రాదు, ఆమె వ్రాసినది ఈమెకు రాదు. వీరిద్దరి నడుమ నడచునది మాట యొక్కటే. ఆ మాట ఆగిన నాడు అవ్వ “పిల్లకు కోపము వచ్చినది కాబోలు” ననుకొనును. పిల్ల “అవ్వకు చెముడు వచ్చినది” అనుకొనును. మేమెరిగిన యొక యింట ముసలాయనను చెవి వైద్యుని యొద్దకు కొనిపోయి పరీక్షలు కూడ చేయించిరి. చెవులు నిక్షేపముగా నున్నవి. ఫోను రంధ్రములో వేరుసెనగ గింజలో సగమంత నూలు ఉండ యున్నది.

ఇక రంధ్రము సంగతి. పెద్దలలో కొందరు పాత టెలిఫోను ఎక్స్ఛేంజీలను చూచియుందురు. ఆపరేటరు ఒక తీగ చివరి ప్లగ్గును బల్లలోని రంధ్రమున గ్రుచ్చి ఒక ఇంటిని మరియొక ఇంటితో కలిపెడివారు. 6.35 మిల్లీమీటర్ల లావుగల ఆ ప్లగ్గు పందొమ్మిదవ శతాబ్దిలో పుట్టినది. దాని చిన్న తమ్ముడే 3.5 మిల్లీమీటర్ల ప్లగ్గు. ట్రాన్సిస్టర్ రేడియోల కాలమున వ్యాపించి, 1979లో వచ్చిన సోనీ వాక్‌మన్‌తో లోకమంతటను పరిచితమై, తుదకు ఫోనులలో చేరినది. ఐఫోను 2016లో 7వ నమూనా నుండి ఈ రంధ్రమును మానినది. తక్కువ ధర ఫోనులు పెక్కింటిలో ఇది నేటికిని కలదు, మన పెద్దల చేతులలో నున్నవి ప్రాయికముగా అవియే.

ఆ రంధ్రము వట్టి బొక్క కాదు. లోపల సన్నని లోహపు స్ప్రింగులు గోడల వెంట నిలిచియుండును. ప్లగ్గు లోనికి పోయినప్పుడు ఒకటి ఎడమ చెవి తీగకు, ఒకటి కుడి చెవి తీగకు, ఒకటి మైకు తీగకు, ఒకటి ఎర్తు తీగకు తగులును. వీనికి తోడు, ప్లగ్గు వచ్చినదా లేదా యని కనిపెట్టుటకే ఏర్పడిన మరియొక స్పర్శ కూడ సాధారణముగా ఉండును. అది కదలిన వెంటనే ఫోను స్పీకరును మూసి శబ్దమును హెడ్‌ఫోను త్రోవకు మళ్ళించును. దానిని వాకిటి కావలివానిగా తలచవచ్చును. ఎవరో వచ్చిరని కేకవేయుటయే వాని పని. వచ్చినది చుట్టమా, చెత్తయా యని విచారింపడు. స్ప్రింగునకు నూలు అడ్డుపడినను, తడి తగిలినను, తుప్పు పట్టి స్ప్రింగు తిరిగి రాకున్నను వాని కేక యొక్కటే. పిలుపు గంట మాత్రము చాల ఫోనులలో స్పీకరు నుండి కూడ వచ్చును. మ్రోగుట వినబడి, మాట వినబడకుండుటకు కారణమిదే.

తడి తగిలినప్పుడు మరియొక వింత జరుగును. ఆండ్రాయిడు ఫోనులకు నిర్ణయించిన కొలతలలో, మైకు తీగ యందు 70 ఓములు లేక అంతకు తక్కువ నిరోధము కనబడినచో హెడ్‌ఫోను మీది మధ్య మీట నొక్కినట్లు లెక్క. 210 నుండి 290 వరకు శబ్దము పెంచు మీట. 360 నుండి 680 వరకు తగ్గించు మీట. రంధ్రములోని చెమ్మ ఈ అంకెలలో దేనికి వచ్చినను ఆ మీట నొక్కబడినట్లే. పాటలు తమంతట మొదలగును, మాటలాడుచుండగా పిలుపు తెగును. ఫోనునకు గాలి సోకినదని దిష్టి తీసినవారు కూడ కలరు. తీసినందువలన నష్టము లేదు గాని రంధ్రమును కూడ తుడువవలెను.

కారణములు ఊరిని బట్టి మారును. షోలాపురము మగ్గముల నడుమ బ్రదుకు మన పద్మశాలి కుటుంబములకు నూలు దుమ్మును గూర్చి మేము చెప్పనక్కరలేదు; అది గాలిలోనే యుండును. బీడీలు చుట్టు అక్కచెల్లెండ్రు ఫోనును పొగాకు చేట ప్రక్కనే ఉంచుకొందురు, ఆ పొడియు రంధ్రములోనికి పోవును. యానామువారి శత్రువు వేరు. గోదావరి చెమ్మ, సముద్రపు ఉప్పుగాలి స్ప్రింగులకు పచ్చని చిలుము పట్టించును. 2022 జూలై వరద వంటి దినములలో నీరే ఇంటిలోనికి వచ్చినది. ఎచ్చటివారికైనను చొక్కా జేబులోని నలుసు, బొడ్డున దోపుకొనిన ఫోనునకు తగులు చెమట సామాన్యమే.

చికిత్సకు ముందు పరీక్ష కావలెను. ఎవరికైనను ఫోను చేసి, మాటలాడుచుండగా తెర మీది స్పీకరు గుర్తును నొక్కుడు. మాట బిగ్గరగా వినబడినచో స్పీకరు చెడలేదు. ఫోను భ్రమలో నున్నదని రూఢి. ఈ ఉపాయము పరీక్షయే కాక తాత్కాలిక సహాయము కూడ అగును. ఇంటిలోని పెద్దలకు ఆ గుర్తును వ్రేలితో చూపి నేర్పినచో మరమ్మతు జరుగువరకు పిల్లలతో మాట ఆగదు. ఐఫోను కలవారు సెట్టింగులలో యాక్సెసిబిలిటీ, అందులో టచ్, అందులో కాల్ ఆడియో రూటింగ్ అనుచోట స్పీకరును ఎంచుకొనినచో ప్రతి పిలుపును స్పీకరులోనే వచ్చును. ఆండ్రాయిడు ఫోనులో భాషగా తెలుగును పెట్టవచ్చును. అవ్వ ఫోనును ఇంగ్లీషులో వదలి అవ్వకు ఫోను చేతకాదనుట న్యాయము కాదు.

తరువాత బ్లూటూతును ఆపి చూడుడు. బీరువాలో పడియున్న మెడపట్టీ హెడ్‌ఫోనో, ప్రక్క గదిలోని టీవీయో మాటను ఎత్తుకొనిపోవుచుండవచ్చును. ఇట్టి సందర్భములలో రంధ్రమును ఎంత గోకినను లాభము లేదు. ఫోనును ఒకసారి పూర్తిగా ఆపి మరల వెలిగించుడు. హెడ్‌ఫోను తీసివేసిన వార్త ఒక్కొక్కప్పుడు ఫోను బుఱ్ఱకు అందక పాత తలపే నిలిచియుండును; ఆపి లేపినచో అది పోవును. పిమ్మట మంచి హెడ్‌ఫోను ప్లగ్గును తెచ్చి, గట్టిగా పొడువక, నిదానముగా లోనికి త్రోసి, కొంచెము త్రిప్పి, పైకి తీయుడు. అయిదారుమార్లు చేయుడు. అంటుకొనిన స్ప్రింగు వదలుటయు, పైపూత చిలుము రాలుటయు దీనివలన కలుగును. సగము ఫోనులకు ఇంతటితోనే నోరు వచ్చునని మా నమ్మకము, లెక్క వేసి చెప్పుట కాదు.

అప్పటికిని పలుకనిచో రంధ్రమును చూడవలసినదే. ఫోనును ఆపి, దీపము క్రిందనో టార్చి వెలుగునకో పెట్టి లోనికి చూడుడు. బూడిదరంగు ఉండ కనబడినచో సంతోషింపుడు, రోగము దొరికినది. ఫోనును తలక్రిందుగా పట్టుకొని, ఎండిన సన్నని బ్రష్షుతోనో, పండ్లు కుట్టుకొను చెక్కపుల్లతోనో గోడ వెంట మెల్లగా లాగుడు. లోనికి నెట్టకుడు. పుల్ల మొన విఱిగి లోపల నిలిచినచో మొదటి రోగమే మేలనిపించును. గుండుసూది, పిన్నీసు, తలపిన్ను అసలే వలదు. స్ప్రింగులు వెండ్రుకవలె సున్నితములు, ఒకటి వంగినచో ఇంటి వైద్యము చెల్లదు. చెవిలో పెట్టుకొను దూదిపుల్ల ఆ రంధ్రమునకు లావు. పైగా దూదిని తీయబోయి దూదిని నింపినట్లగును. నోటితో ఊదుటయు తగదు, ఊపిరిలో తడి యుండును.

తడి విషయమున మన ఇండ్లలో ఒక ఆచారము వ్యాపించినది. ఫోను తడిసినచో బియ్యపు డబ్బాలో పూడ్చుట. దీనిని మానవలెనని గట్టిగా చెప్పుచున్నాము. తడిసిన ఐఫోనును బియ్యపు సంచిలో పెట్టరాదని ఆపిల్ కంపెనీయే తన సూచనలలో ప్రకటించినది. బియ్యపు నలుసులు ఫోనులోనికి పోవును. ఫోనును ఆపి, చార్జింగు పెట్టక, రంధ్రము క్రిందికి వచ్చునట్లు పట్టుకొని అరచేతిపై మెల్లగా తట్టి, గాలి ఆడుచోట ఒక దినము ఉంచుడు. ఫ్యానుగాలి చాలును. మండుటెండ, పొయ్యి ప్రక్క, జుట్టు ఆరబెట్టు వేడి యంత్రము కూడవు. చిలుము పట్టినచో ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అనునది, నూటికి తొంబది పాళ్ళు లేక అంతకు హెచ్చైనది, బ్రష్షు కొసకు మాత్రము తగిలించి తుడిచి, పూర్తిగా ఆరిన పిమ్మట ఫోనును వెలిగింపవచ్చును. చేతులకు రాచుకొను శానిటైజరు దీనికి బదులు కాదు; అందు నీరును జిడ్డును కలవు. కొబ్బరినూనె, కిరసనాయిలు అని సలహా చెప్పువారికి నమస్కరించి ఊరకుండుడు.

రంధ్రము లేని క్రొత్త ఫోనులలోను ఈ భ్రమ కలుగును. టైప్-సి అను చార్జింగు నోటికి తగిలించు హెడ్‌ఫోనులు కలవు. అందులో చేరిన దుమ్మో తడియో ఫోనును అట్లే మోసగింపవచ్చును. శుభ్రపరచు పద్ధతి యదే, జాగ్రత్త మాత్రము రెట్టింపు కావలెను. ఆ నోటి నడుమ సన్నని నాలుక యొకటి యుండును, అది విఱిగినచో చార్జింగే పోవును.

ఫోనును స్పీకరునకు బలవంతముగా మళ్ళింతుమని చెప్పు చిన్న యాప్‌లు ఉచితముగా దొరకును. కొన్ని పని చేయును. ఐనను స్పీకరు మార్చుటకు వచ్చిన యాప్ మీ సందేశములను, పరిచయస్థుల నంబర్లను చూడనిమ్మని అడిగినచో అంగీకరింపకుడు. అన్నిటిని తుడిచి ఫోనును పుట్టినప్పటి స్థితికి తెచ్చు రీసెట్టు చిట్టచివరి మార్గము. మనుమల ఫొటోలు, గతించినవారి గొంతు రికార్డులు అందులో నుండవచ్చును. వేరొకచోట భద్రపరుపక ఆ మీటను ముట్టరాదు.

పనివాని యొద్దకు పోవలసివచ్చినచో ఒక ప్రశ్న అడుగుడు: “హెడ్‌ఫోను జాక్ విడి బోర్డు మీద నున్నదా, పెద్ద బోర్డునకు అతికియున్నదా?” విడి బోర్డు మీద నున్నచో మార్చుట తేలిక, ఖర్చు తక్కువ. పెద్ద బోర్డునకు అతికినచో సాల్డరింగు నేర్పు కలవాడు కావలెను. జవాబు చెప్పకయే “క్రొత్తది కొనుడు” అనువాని యొద్ద ఫోను విడువకుడు. సిమ్మును తీసి దగ్గర నుంచుకొనుడు. బ్యాంకు యాప్ ఉన్న ఫోనునకు తాళపు సంఖ్య వ్రాసియిచ్చు అలవాటు మన పెద్దలలో కలదు. జాక్ మార్చుటకు ఆ సంఖ్యతో పనిలేదు. సరిచూచునప్పుడు మీరే ఎదుట నిలిచి తెఱచి చూపుడు.

భోజనములకు ఇంకను అరగంట వ్యవధి కలదు. పలుకని ఫోనులు తెచ్చినవారు కుడిప్రక్కనున్న బల్ల యొద్దకు దయచేయుడు. టార్చి, బ్రష్షులు, ఒక మంచి ప్లగ్గు అచ్చట సిద్ధముగా నున్నవి. ముందు పెద్దవారివి చూతము.