బనగానపల్లె పోయి వచ్చినాము

(సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో శిరివెళ్ల సంఘం తరఫున చేసిన ప్రసంగం)



మా సంఘం పొదుపు, అప్పుల లెక్కలు ఈ పుస్తకంలోనే వేరేచోట ఉన్నాయి. మేము ఒక్క రోజు సంగతి చెప్తాము.

మేము పదకొండు మందిమి. పొదుపు ముట్టకుండా, నెలకు 30 రూపాయలు వేరే ఎత్తిపెట్టుకొని సంక్రాంతి అయినాక బనగానపల్లె పోదామనుకున్నాము. అక్కడే తకరారు వచ్చింది. ఒక చెల్లెలు నాలుగు నెలలుగా అప్పు కంతు కట్టలేదు, మీటింగుకూ రాలేదు. ఆమె కట్టిన టూరు డబ్బు బాకీలో జమ వేసుకుందామని కొందరు, అది వేరే డబ్బు కదా అని కొందరు. చివరికి ఇద్దరము ఇంటికి పోయి పిలిచినాము. వచ్చింది గానీ, తుఫాన్ బండిలో వెనక సీట్లో మాట లేకుండా కూర్చుంది.

నంద్యాల మీదుగా పోయి ముందు నవాబు బంగళా చూసినాము. 2009లో సినిమా వచ్చినప్పటి నుంచి అందరూ అరుంధతి కోట అంటారు గానీ, అది బనగానపల్లె నవాబులు వేసవి విడిదికి కట్టుకున్న బంగళా. బనగానపల్లె ఒకప్పుడు వేరే సంస్థానం. 1948లో ఇండియాలో కలిసి కర్నూలు జిల్లాలోకి వచ్చింది. చుట్టూ బయలు, మధ్యలో అంత పెద్ద ఇల్లు. మాలో ఒక పెద్దమ్మ, “ఇంత ఇల్లు ఊడ్చడానికి ఎంతమంది ఆడోళ్లు పని చేసినారో” అనింది. అందరమూ నవ్వినాము.

యాగంటిలో బసవన్నను చూసి, కట్టుకుపోయిన సద్ది తిని, సాయంత్రం ఊర్లో గరిమిరెడ్డి అచ్చమ్మ గారి ఇంటికి వచ్చినాము. ఊరుగాని ఊరు నుంచి వచ్చిన ఒక పిల్లవాడికి ఆమె అన్నం పెట్టి, ఆవులు మేపే పని ఇచ్చిందట. ఆ పిల్లవాడే పోతులూరి వీరబ్రహ్మం గారు. ఆవులు తోలుకుపోయి రవ్వలకొండ గుహలో కాలజ్ఞానం రాస్తుండేవాడట. పశువులను వదిలేసి ఏం చేస్తున్నాడో అని అచ్చమ్మ తానే కొండకు పోయి కళ్లారా చూసి, తర్వాత ఆయనకే శిష్యురాలయిందని చెప్తారు. ఆయన రాసిన తాటాకులు పాతిపెట్టినారని చెప్పే చోట చింతచెట్టుకు దండం పెట్టుకున్నాము.

తిరిగి వచ్చేటప్పుడు ఆ చెల్లెలే నోరు తెరిచింది. “అచ్చమ్మ కొండ దాకా పోయి చూసింది. నా ఇంటికి మీరు టూరుకు పిలవడానికే వచ్చినారు” అనింది. అప్పు తెచ్చి కొన్న బర్రె ఈనేటప్పుడు చచ్చిపోయిందట. ఇన్సూరెన్సు లేదు. నలుగురిలో చెప్పడానికి సిగ్గుపడి మీటింగు మానుకుందట. ఒకే ఊర్లో ఉంటాము, ఒకే కొళాయి కాడ నీళ్లు పడతాము, మాకు తెలియలేదు. బాకీ పేజీ చూసినాము గానీ మనిషిని అడగలేదు. తప్పు మాది. బండిలో చాలాసేపు ఎవరమూ మాట్లాడలేదు.

తర్వాతి మీటింగులో తీర్మానం రాసుకున్నాము. ఒకటి, ఆ చెల్లెలి కంతు సగం చేసి గడువు పొడిగించినాము. ఇప్పుడు నెల తప్పకుండా కడుతోంది. రెండు, ఎవరైనా వరుసగా రెండు మీటింగులకు రాకపోతే ఇద్దరు సభ్యులు ఇంటికి పోవాలి. పోయిన వెంటనే బాకీ ఎత్తకూడదు, ముందు మంచిచెడ్డలు అడగాలి. మూడు, అప్పుతో పశువు కొంటే ఇన్సూరెన్సు కాగితం చూసినాకనే డబ్బు ఇవ్వాలి.

ఈ మాటలు ఆమె ఒప్పుకున్నాకనే ఇక్కడ చెప్తున్నాము. ఆమె మా మధ్యనే కూర్చోనుంది.

అక్కలారా, మీరు కూడా ఒక రోజు వీలు చేసుకొని పోయి రండి. దూరం పోవాల్సిన పని లేదు. కానీ మీటింగుకు రాని మనిషిని ముందు బండి ఎక్కించుకోండి.