బ్లాక్ అందుడు ఫాస్ట్, మరి చెకింగ్?

"అన్నా, నెట్ స్లో ఉంటే మైనింగ్‌ల నష్టమా?" అని మన చిట్యాల తమ్ముడొకరు అడిగిండు. నష్టమే. బిట్‌కాయిన్‌ల సగటున 10 నిమిషాలకో బ్లాక్ వస్తది. అది మీకు 10 సెకన్లు లేటుగా అందితే, అంతసేపు మీ మెషీన్ పాత బ్లాక్ మీదనే తిరుగుతది. అంటే 60 రూపాయల కరెంటుల ఒక రూపాయి దండగ.

అందుకే 2016ల బిట్‌కాయిన్ కోర్ 0.13.0 తోని కాంపాక్ట్ బ్లాక్స్ వచ్చినయ్. బ్లాక్‌లో ఉండే ట్రాన్సాక్షన్లు చాలావరకు ముందే మన నోడ్ దగ్గర ఉంటయ్. మళ్లా మొత్తం పంపుడెందుకు? సారు హాజరుకు రోల్ నంబర్లు పిలిచినట్టు, ఒక్కోదానికి 6 బైట్ల గుర్తు పంపితే చాలు. లేనివే అడిగి తెప్పించుకుంటది. సంతకాలు కూడా ట్రాన్సాక్షన్ వచ్చినప్పుడే చూసి పెట్టుకుంటది, బ్లాక్ వచ్చినంక మళ్లా చూడదు.

కాంపాక్ట్ బ్లాక్స్ రాకముందు కొందరు ఇంకో షార్ట్‌కట్ పట్టిన్రు: అసలు చెకింగే మానేసుడు! 2015 జులై 4న కొత్త రూల్ అమల్లోకొచ్చింది. పాత సాఫ్ట్‌వేర్ వాడే ఓ చిన్న మైనర్ నుంచి చెల్లని బ్లాక్ వచ్చింది. నెట్‌వర్క్ పవర్‌ల దాదాపు సగం చెకింగ్ లేకుండనే నడుస్తున్నదట, దాని మీదనే కట్టుకుంట పోయిన్రు. మొత్తం 6 బ్లాకులు రద్దు. అప్పుడు బ్లాక్‌కు 25 బిట్‌కాయిన్లు, లెక్క మీరే వేసుకోండి. మర్నాడు మళ్లా అదే పని, ఇంకో 3 బ్లాకులు పోయినయ్.