గింజ నుండి రంగు దాకా

(పాఠశాల ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కృష్ణా తుంగభద్రల నడుమనున్న ఈ రాయచూరు అంతర్వేదిలో పత్తిచేను ఎరుగని బిడ్డ ఉండడు. ఇక్కడి నల్లరేగడిలో పండిన పత్తితో రాయచూరు మార్కెట్టు యార్డు ఏటా నిండిపోతుంది. అక్కడినుండి అది జిన్నింగు మిల్లుకు చేరి, బేళ్లుగా బిగిసి, దూరప్రాంతాల నూలుమిల్లులకు తరలిపోతుంది. తిరిగి గుడ్డగా వచ్చినప్పుడు దానిని పండించిన రైతు సైతం గుర్తుపట్టలేడు. పండిన ఊళ్లోనే పత్తి నూలై, రంగు పట్టి, గుడ్డగా మారే విద్య ఒకప్పుడు పల్లెపల్లెనా ఉండేది. ఆ విద్య ఎట్టిది, ఎక్కడ తెగింది, నేడు మిగిలినదేమిటి అన్నదే ఈ ప్రసంగ విషయం.

ఆ విద్యలో మొదటి మెట్టు గింజ తీయడం. పలక మీద పత్తినుంచి ఇనుప కడ్డీని దొర్లిస్తే గింజ చితకకుండా వెలుపలికి వస్తుంది. గింజలు పోగా మిగిలే దూది ఎత్తులో సుమారు మూడోవంతు మాత్రమే. రెండవ మెట్టు ఏకడం. వింటి నారిని మీటుతూ దూదిని నురగవలె విప్పడమే వృత్తిగా గలవారు తెలుగునాట దూదేకులవారు, కన్నడనాట పింజారులు. ఏకిన దూదిని వేలెడు లావున చుడితే ఏకు. ఆ ఏకును ఎడమచేత పట్టి, కుడిచేత రాట్నం తిప్పుతూ కదురు మీద పురి ఎక్కించడమే వడకడం.

ఈ మెట్లన్నీ ఒకేచోట చూడగోరువారు శ్రీకాకుళం జిల్లా పొందూరుకు వెళ్లాలి. అక్కడి స్త్రీలు వాలుగచేప దవడ ఎముకను దువ్వెనగా చేసుకుని, గింజ మీది దూదిని దువ్వి శుభ్రం చేసిన తరువాతనే గింజ తీస్తారు. చేసిన ఏకులు నలగకుండా ఎండిన అరటి దొప్పలో పెట్టుకుని వడుకుతారు. ఆ దారం సన్నదనానికి అబ్బురపడిన మహాత్మాగాంధీ తన కుమారుడు దేవదాసు గాంధీని పొందూరు పంపి పని వివరాలు తెలుసుకున్నారు. అక్కడ వందవ నంబరు నూలు చేతితో వడికారు.

వందవ నంబరు అంటే ఏమిటి? ఒక పౌను నూలులో 840 గజాల చిలపలు ఎన్ని ఉంటే అదే ఆ నూలు నంబరు. విద్యార్థులు లెక్క కట్టి చూడవచ్చు. 20వ నంబరులో ఒక గ్రాము దూది దాదాపు 34 మీటర్ల దారమవుతుంది. వందవ నంబరులో అదే గ్రాము దాదాపు 169 మీటర్లకు సాగుతుంది. ఆ సాగదీత యంత్రానిది కాదు, వేలికొసలది.

ఇక రంగు. పచ్చినూలుకు సహజంగా మైనం అంటి ఉంటుంది కనుక అది నీటిని పీల్చదు. చవుటిమట్టి నీళ్లలోనో, బూడిద తేటలోనో ఉడికించి ఆ జిడ్డు వదలగొట్టాలి. ఎరుపు కావాలంటే కరక్కాయ కషాయంలో తడిపి, పటిక పట్టించి, చిరివేరుతో కాచాలి. పటిక లేనిదే ఆ ఎరుపు నిలువదు. పటికే దారానికీ రంగుకూ ముడివేస్తుంది. తేలియా రుమాళ్ల నూలును నూనెతో, ఆముదపు కాయల బూడిదతో పలుమార్లు పదును చేసేది కూడా ఎరుపు గాఢంగా పట్టడానికే. తుప్పుపట్టిన ఇనుమును బెల్లపు నీటిలో ఊరవేస్తే నలుపుకు ఆధారమవుతుంది. నీలిమందు తీరు వేరు. అది నీటిలో కరగదు. సున్నం, బెల్లం, తగిరిస గింజలు వేసి కుండలో పులియబెడితేనే కరిగే రూపానికి వస్తుంది. అందులో ముంచి తీసిన నూలు మొదట ఆకుపచ్చగా కనిపించి, గాలి తగిలిన కొద్దీ చూస్తుండగానే నీలమవుతుంది. రసాయనశాస్త్రం పుస్తకంలో చదవని స్త్రీ పురుషులు తరతరాలుగా దానిని కుండలో నడిపించారు.

ఇంతటి విద్య ఒక్కనాట తెగలేదు. హైదరాబాదు కంటింజెంటు సైన్యపు బాకీ కింద 1853లో నిజాము నుండి ఆంగ్లేయులు తమ స్వాధీనంలోకి తీసుకున్న సీమలు బేరారు, ధారాశివం, రాయచూరు అంతర్వేది. మూడూ పత్తి పండే నేలలే. 1860లో రాయచూరు, ధారాశివం నిజామునకు తిరిగి దక్కాయి. 1871లో బొంబాయి, మద్రాసు రైలుమార్గాలు రాయచూరులో కలిశాయి. పత్తి ఎగుమతికి బాట సుగమమైంది, మిల్లుగుడ్డ దిగుమతికీ అదే బాట అయింది. చిరివేరు ఇచ్చే ఎరుపుకు మూలమైన అలిజరిన్‌ను 1869లో ఐరోపా రసాయనశాలలు కృత్రిమంగా తయారు చేశాయి. 1897లో కృత్రిమ నీలి జర్మనీ నుండి అంగడికి వచ్చింది. వేరు త్రవ్వేవారికీ, నీలి సాగు చేసేవారికీ పని పోయింది.

అయినా విత్తనం మిగిలి ఉండింది. పొట్టిపింజ గల దేశవాళీ పత్తి చేతిరాట్నానికి ఒదిగినది. మిల్లు యంత్రాలు పొడుగుపింజ అమెరికా జాతుల కొలతకు తయారయినవి. పొట్టిపింజ నాసిరకమన్న మాట ఆ యంత్రం పెట్టిన పేరే. 1970లో గుజరాతులో హెచ్-4, 1972లో ధారవాడలో వరలక్ష్మి సంకర రకాలు వెలువడ్డాయి. 2002లో బీటీ పత్తికి అనుమతి లభించింది. నేడు దేశంలో సాగయ్యే పత్తిలో 90 శాతానికి పైగా అదే. దిగుబడి పెరగడం నిజం. రైతు తన గింజను తాను దాచుకునే అలవాటు పోయి, ఏటా విత్తనం కొనవలసి రావడమూ అంతే నిజం.

మన పతాక కథలోనూ ఇదే దారం ఉంది. జెండా రూపకర్త పింగళి వెంకయ్యగారు కంబోడియా పత్తిపై పరిశోధించి ‘పత్తి వెంకయ్య’ అనిపించుకున్నారు. ఆ జెండాకు ఖాదీ సమకూర్చిన సంస్థ ఈ కన్నడ నేల మీదిదే. అది 1957లో ఏర్పడిన హుబ్బళ్లి బెంగేరి ఖాదీ సంఘం. 2021 డిసెంబరులో పతాక నియమావళిని సవరించి యంత్రపు గుడ్డకూ, పాలియెస్టరుకూ అనుమతి ఇచ్చారు. చేతివడుకు నూలుకు జెండా కల్పించిన ప్రత్యేక స్థానం దానితో ముగిసింది.

ఒక్క రాట్నాన్ని నిలబెట్టితే ఈ విద్య నిలువదని ఈ చరిత్ర చెబుతున్నది. గింజ, రాట్నం, రంగు ఒకే గొలుసులోని కడియాలు. ఏ ఒక్కటి తెగినా మిగిలినవి అలంకారాలే. బేళ్లు బిగించకుండా, పత్తి పండే చోటికి దగ్గరలోనే చిన్న యంత్రాలతో నూలు తీసే మల్ఖా ప్రయత్నం తెలుగు నేల మీద సాగింది. సహజవర్ణాలను నేతగాండ్ర వద్దకు తిరిగి చేర్చే కృషి దస్తకార్ ఆంధ్ర చేసింది. తెగిన కడియాలను అతకవచ్చునని ఇవి చూపాయి.

1937లో వార్ధాలో రూపుదిద్దుకున్న ప్రాథమిక విద్యాపథకం తకిలిని తరగతి గదికి తెచ్చింది. ఈ జూబిలీ సంవత్సరంలో పాఠశాల ఆవరణలో ఒక్క సాలు దేశవాళీ పత్తి విత్తవచ్చు. దాని దూదితో పిల్లలు తకిలి మీద దారం తీస్తే అందులో గణితం ఉంటుంది, రంగు వేస్తే రసాయనశాస్త్రం ఉంటుంది, అవ్వనో తాతనో అడిగితే ఊరి చరిత్ర ఉంటుంది. పంట ముగిశాక గింజలను గుడ్డలో మూటకట్టి తరువాతి తరగతికి అప్పగించాలి. అన్నింటికంటె ముఖ్యమైన పాఠం ఆ మూటలోనే ఉంటుంది.

స్వస్తి.