పెరటికి వచ్చు అతిథులు



మన గ్రంథాలయమునకు ఇరువదియైదు వత్సరములు నిండిన ఈ శుభసమయమున నన్నును నాలుగు మాటలు చెప్పుమని కార్యవర్గమువారు కోరిరి. పుస్తకములను గూర్చి చెప్పుటకు పండితులు ఈ వేదికపై ననేకు లున్నారు. నేను మన పెరళ్ళకు వచ్చిపోవు ప్రాణులను గూర్చి మనవి చేసికొందును. ఆ వేడుకకు టిక్కెట్టు లేదు, ప్రయాణము లేదు. గడప దాటి నిలిచి చూచిన చాలును.

ఉగాది నాటికి వేప పూచును, కోయిల కూయును. కూయుచున్నది మగది, మేను నలుపు, కన్నులు ఎఱుపు. ఆడుదాని గోధుమవన్నె మేనిపై తెల్లని చుక్కలుండును. అది గూడు కట్టదు. కాకిగూటిలో గ్రుడ్డు పెట్టిపోవును. మనము పాటను మెచ్చుకొని కాకిని కసరుదుము. కాని ఆ పాటగానిని మేపి పెంచినది ఆ కాకియే.

మందారముపై వ్రాలు తేనెపిట్టను చూడుడు. బెరడు ముక్కలను, ఎండుటాకులను సాలెపట్టుతో కూర్చి సంచివంటి గూటిని కొమ్మకు వ్రేలాడగట్టును. సాలీడు లేనిచో ఆ గూటికి దారమే లేదు.

రోహిణి కార్తె ఎండలలో చెట్టునీడన ఒక మట్టిమూకుడుతో నీరుంచుడు. ఉడుత, గోరువంక, పిగిలిపిట్ట వరుసగా వచ్చును. బాటసారులకు చలివేంద్రములు పెట్టిన జాతి మనది. ఈ చిన్న చలివేంద్రము మనకు బరువు కాదు. నీటిని మాత్రము ప్రతిదినము మార్చవలెను. నిలువయుంచినచో దోమలు పెరుగును.

జూన్ 22 ప్రాంతమున ఆరుద్ర కార్తె ప్రవేశించును. తొలివానలకు తడిసిన నేలపై ఎఱ్ఱని మఖమలు ముక్కవలె ఆరుద్ర పురుగు కనబడును. పురుగని పిలిచినను దానికి కాళ్ళు ఎనిమిది. అది సాలీడుకు చుట్టము. పిల్లలు అరచేత నుంచుకొన్నను ఏ హానియు చేయదు. వాన వెలిసిన సాయంకాలము దీపము చుట్టు ముసరు ఉసిళ్ళు రెక్కలు వచ్చిన చెదలే. ఆ రాత్రి గోదురుకప్పకు, బల్లికి విందు.

ఇక కరివేపచెట్టు. దాని లేతాకులపై పక్షిరెట్ట వలె కనబడునది నిజముగా సీతాకోకచిలుక పిల్ల. ఆ వేషమువలన పిట్టలు మోసపోవును. పెరిగినకొలది అది ఆకుపచ్చనగును. తాకినచో తలనుండి రెండు కొమ్ములవంటివి వెలికి చాచి దుర్వాసన విడుచును. గ్రుడ్డు మొదలు రెక్కల వఱకు ఇంచుమించు నెల దినములు పట్టును. నాలుగాకులు పోయెనని పురుగుమందు చల్లినచో ఆ రెక్కలను మనము చూడము; ఆ మందు అంటిన ఆకునే చారులో వేసికొందుము.

ఇంతకంటె పెద్ద నష్టమొకటి కలదు. సంక్రాంతి నాటికి వరికంకులను కుచ్చుగా అల్లి పిచ్చుకల కొఱకు చూరునకు కట్టుట మన పెద్దల ఆచారము. గింజలు పెద్ద పిచ్చుకకు చాలును. కన్ను తెఱవని పిల్లకు చాలవు. దానికి తల్లిదండ్రులు మెత్తని పురుగులను తెచ్చి పెట్టవలెను. పెరటిలో పురుగునెల్ల చంపి చూరున కంకులు కట్టుట, అన్నము వడ్డించి పసిబిడ్డకు పాలు లేకుండ చేయుట వంటిది. కావున పెరటినంతయు సిమెంటుతో కప్పక ఒక మూల మట్టిని, గడ్డిని, రాలిన ఆకులను విడిచిపెట్టుడు. చెట్టుకు పురుగు మితిమీరినచో చేతితో ఏరుడు.

తుదకు ఒక విన్నపము. 1941లో తొలుత వెలువడిన సాలిం అలీ గారి భారతదేశపు పక్షుల గ్రంథమును మన బీరువాలో నుంచుదము. దాని ప్రక్కన ఒక తెల్లకాగితముల పుస్తకము నుంచుదము. తేది, కార్తె, చూచిన ప్రాణి, చూచినవారి పేరు, ఈ నాలుగే అందు వ్రాయవలసినవి. చదువురానివారు చెప్పగా పిల్లలు వ్రాయవచ్చును. పొలమున పండిన కన్నులకు తెలిసినది తక్కువ కాదు. స్వర్ణోత్సవము జరుపువారికి అది మన గ్రామమే వ్రాసిన గ్రంథమై అందును. అందు పిచ్చుక పేరు తుదివఱకు కొనసాగుట మన చేతిలో నున్నది.