మన తప్పు చెప్పుకుందాం, పిల్లల గుట్టు కాదు
(సమాఖ్య వార్షిక మహాసభలో ఒక సభ్యురాలి ప్రసంగం)



పొదుపు గురించి, బ్యాంకు లింకేజీ గురించి మాట్లాడమంటే భయం లేకుండా మాట్లాడేదాన్ని. పన్నెండేళ్లుగా సంఘంలో ఉన్నాను, రెండేళ్లు లీడరుగా చేశాను. ఈసారి మా సంఘం వాట్సాప్ గ్రూపు గురించి చెప్పమన్నారు. ఆ గ్రూపులో ఒక మంచి నా కళ్ల ముందు జరిగింది. ఒక చెడు నా చేతులతోనే జరిగింది. రెండూ చెప్తాను.

మీటింగు తేదీలు, వాయిదాల లెక్కలు చెప్పుకోడానికి పెట్టుకున్న గ్రూపు అది. ఒకరోజు రాత్రి పదిన్నరకి మా సంఘంలో ఒక వదిన వాయిస్ మెసేజీ పెట్టింది. ఆమెను అడిగే ఇక్కడ చెప్తున్నాను. "పది రూపాయలు కనపడలేదని మావాణ్ణి కొట్టాను. నేను తియ్యలేదమ్మా అని ఏడుస్తానే ఉన్నాడు. అన్నం తినకుండా పడుకున్నాడు. ఇప్పుడు చూస్తే నోటు పోపుల డబ్బాలో ఉంది. నేనే పెట్టి మర్చిపోయాను. నిద్ర పట్టట్లేదు" అంది.

అంతే, ఒక్కొక్కరూ మొదలుపెట్టారు. తిరనాళ్లలో బొమ్మ అడిగాడని అందరి ముందూ తిట్టాను, అప్పట్నుంచీ వాడు నన్నేదీ అడగడు అని ఒకరు. మా అమ్మాయి బొమ్మల పుస్తకం కోపంలో పొయ్యిలో పెట్టాను, మళ్లీ బొమ్మ గియ్యలేదు అని ఇంకొకరు. మాలో పెద్దామె మాత్రం ఒక్క మాటే అంది: "పొద్దున వాడు లేవగానే వాడికి చెప్పవే, తప్పు నాదే నాన్నా అని." వదిన అలాగే చెప్పింది. వాడేమన్నాడో తెలుసా? "సరేలే అమ్మా, మరి ఆ పది రూపాయలు నాకిస్తావా?" అన్నాడట. ఆ రోజు గ్రూపంతా నవ్వులే.

ఇది మంచి. ఇక నా సంగతి.

నాకు నాలుగో తరగతి చదివే కొడుకు ఉన్నాడు. వాడికి ఒక చిన్న ఇబ్బంది ఉంది. అదేంటో ఇక్కడ కూడా చెప్పను. ఆ ఇబ్బంది గురించి వాణ్ణి తిట్టాను. తర్వాత మనసు ఉండబట్టక, ఒక ఆదివారం రాత్రి జరిగిందంతా గ్రూపులో చెప్పేశాను. నా తప్పు చెప్పుకుంటున్నాననే అనుకున్నాను. నిజానికి నా తప్పు ఒక్క ముక్క చెప్పి, వాడి సంగతి పది ముక్కలు చెప్పాను. అందరూ ఓదార్చారు, చిట్కాలు చెప్పారు. నాకు హాయిగా నిద్ర పట్టింది.

గురువారం మావాడు బడి నుంచి వచ్చి సంచీ మూలకి విసిరేశాడు. రేపట్నుంచి బడికి పోనన్నాడు. అదే బడిలో చదివే ఒక పిల్లాడు ఇంట్లో వాళ్లమ్మ ఫోను పట్టుకుని ఆటలాడుకుంటూ నా మెసేజీ విన్నాడు. మర్నాటికి తరగతంతా తెలిసింది. ఆమె తప్పేం లేదు, ఏ ఇంట్లో ఫోను పిల్లల చేతిలో లేదు చెప్పండి? పరుగున పోయి మెసేజీ తీసెయ్యబోయాను. అందరి ఫోన్లలోంచీ చెరిపే గడువు రెండు రోజుల చిల్లరే. అది దాటిపోయింది. దాటకపోయినా, విన్న చెవుల్లోంచి ఎలా చెరుపుతాం?

మా అమ్మావాళ్లు నాట్ల దగ్గర, బావి దగ్గర ఇలాంటివే చెప్పుకునేవాళ్లు. ఆ మాట ఆ గట్టు మీదే ఆగేది. ఫోనులో చెప్పిన మాట అలా ఆగదు.

మావాడు వారం రోజులు నాతో మాట్లాడలేదు. ఎనిమిదో రోజు అడిగాడు, "అమ్మా, నువ్వే చెప్పావా?" అని. అబద్ధం ఆడాలనిపించింది. ఆడలేదు. "నేనే చెప్పాను, తప్పు నాదే" అన్నాను. వాడు నవ్వలేదు, ఏడవలేదు, లేచి వెళ్లిపోయాడు. ఈ సభలో మాట్లాడమన్నప్పుడు వాణ్ణి అడిగాను. "నీ సంగతి చెప్పుకో, నా సంగతి చెప్పొద్దు" అన్నాడు. నేనివాళ చెప్పదలచింది కూడా అంతే.

ఆ తర్వాత మా సంఘం మీటింగులో కూర్చుని మాట్లాడుకుని తీర్మానాల పుస్తకంలో రాసుకున్నాం. మీకూ పనికొస్తాయని చెప్తున్నాను.

ఒకటి. ఎవరి తప్పు వాళ్లు చెప్పుకోవచ్చు. పిల్లల ఆరోగ్యం, మార్కులు, ఆడపిల్లల శరీరం సంగతులు, ఫొటోలు గ్రూపులో పెట్టకూడదు. సలహా కావాలంటే ఆశా కార్యకర్తనో, డాక్టరునో విడిగా అడగాలి.

రెండు. వాయిస్ మెసేజీ వినేముందు పక్కన ఎవరున్నారో చూసుకోవాలి. పిల్లల చేతికి ఫోను ఇచ్చేటప్పుడు గ్రూపుకు లాక్ వేసుకోవాలి. ఏదీ బయటికి ఫార్వర్డు చేయకూడదు.

మూడు. చెప్పుకున్న మనిషిని "నువ్వేం తల్లివి" అని ఎవరూ అనకూడదు.

నాలుగు. ఏ పిల్ల మీదైనా, పిల్లాడి మీదైనా అఘాయిత్యం జరిగిందని తెలిస్తే అది గ్రూపులో పెట్టే సంగతి కాదు. 1098కి ఫోను చెయ్యాలి. పోలీసులకు చెప్పాలి. లైంగిక వేధింపుకు గురైన పిల్లల పేరు, ఫొటో, బడి బయటపెట్టడం 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం నేరం.

అక్కలారా, అప్పు సంగతి మనకొకరు చెప్పక్కర్లేదు. ఎవరి దగ్గర తీసుకున్నామో వాళ్లకే కట్టాలి. పక్కింటామెకు చెప్పుకుని ఏడిస్తే బరువు తగ్గుతుంది గానీ బాకీ తగ్గదు. పిల్లల విషయంలోనూ అంతే. గ్రూపులో చెప్పుకుంటే ధైర్యం వస్తుంది. ఆ ధైర్యంతో మర్నాడు పొద్దున పిల్లాడి దగ్గరకు పోవాలి. బాకీ ఉన్నది వాడికే.

మావాడు మళ్లీ బడికి పోతున్నాడు. నాతో మాట్లాడుతున్నాడు. కానీ ఏదైనా చెప్పేముందు ఇప్పటికీ, "ఎవరికీ చెప్పవు కదా?" అని అడుగుతాడు. అడిగిన ప్రతిసారీ "చెప్పను నాన్నా" అంటాను. వాడు అడగడం మానేసిన రోజున నా బాకీ తీరినట్టు.