బాణసంచా – స్థానికాధికారుల కట్టుబాటులు – మన కర్తవ్యము
(వార్షికమహాసభయందు చేసిన యుపన్యాసము)



విద్యానిధిని గూర్చియు, వసతిగృహమును గూర్చియు పెద్దలు ప్రసంగించిన యీ వేదికపై నేను టపాకాయలను గూర్చి మాటాడ నిలుచుట కొందఱికి నవ్వు పుట్టింపవచ్చును. నవ్వుడు, కాని వినుడు. మన సంఘమునకు కల్యాణమండపము కలదు, దాని ముందు విశాలమైన ఖాళీస్థలము కలదు. మన పోషకులలో దీపావళికి బాణసంచా దుకాణములు పెట్టువారును గలరు. కావున నీ విషయము మన గుమ్మమునకు బయటిది కాదు.

మన తాతలు సూరేకారము, గంధకము, బొగ్గు, రజను తెచ్చి మతాబులు, చిచ్చుబుడ్లు ఇంటనే కూరుచుండిరి. 1884వ సంవత్సరపు ప్రేలుడుపదార్థముల చట్టము అప్పుడును గలదు గాని, పెరటిలోనికి తొంగి చూచువాడు లేడయ్యెను. నేడు అనుజ్ఞాపత్రము లేక యాపని చేయుట నేరము. రోళ్లలో మందు నూఱి చేతులు కాల్చుకొన్నవారి నెఱిగిన గ్రామములవారెవ్వరును దీనిని తప్పు పట్టరు.

కాల్చుటకును వేళ యేర్పడినది. రాత్రి పది గంటలు మొదలు ఉదయము ఆఱు గంటలవఱకు ధ్వని చేయు బాణసంచా కూడదని దేశపు అత్యున్నతన్యాయస్థానము 2005లో తీర్పు చెప్పెను. అదే న్యాయస్థానము 2018 అక్టోబరు 23న దీపావళికి రాత్రి 8 మొదలు 10 వఱకే వేళ నిర్ణయించి, హరితబాణసంచా యనబడు తక్కువ పొగగల సరకును మాత్రమే అనుమతించి, బేరియము లవణములను, టపాకాయల సరములను నిషేధించెను. ఇది మన పండుగమీదనే కట్టడి యని గొణుగువారికి ఒక్క మాట: క్రిస్మసునకును, ఆంగ్లసంవత్సరాదికిని ఆ తీర్పు ఇచ్చినది రాత్రి 11.55 మొదలు 12.30 వఱకు, అనగా ముప్పదియైదు నిమిషములే.

ఇచట గమనింపదగిన సంగతి యొకటి కలదు. తెల్లవాఱుజామున తలంటుకొని టపాకాయలు కాల్చుట తమిళుల యాచారము. వారి ప్రభుత్వము ఆ మాట విన్నవింపగా, రెండు గంటలు మించకుండ వేళను మార్చుకొనుటకు అదే నెల 30న న్యాయస్థానము సమ్మతించెను. మన యిండ్లలో పిల్లలు సంధ్యవేళనే దివిటీలు త్రిప్పి, కాళ్లు కడుగుకొని, మతాబులకు కూర్చుందురు. ఎనిమిది కొట్టునప్పటికి పసివారికి నిద్ర వచ్చును. ఆఱున్నర మొదలు ఎనిమిదిన్నర వఱకు మాకు చాలునని మనవారును అడిగి చూడవచ్చును గదా! అడుగనివానికి అమ్మయైనను పెట్టదు.

వర్తకుల కష్టము మఱియొకటి. 2020లో దీపావళి నవంబరు 14న వచ్చెను. 12వ తేదిన తెలంగాణ ఉన్నతన్యాయస్థానము బాణసంచాను నిషేధించెను. 13న అత్యున్నతన్యాయస్థానము ఆ యుత్తరువును సడలించి రెండు గంటల వేళనిచ్చెను. అప్పు తెచ్చి సరకు దింపుకొన్న చిన్నవర్తకుడు ఆ రెండు దినములు ఎట్లు గడపెనో ఊహింపుడు. కట్టుబాటు ఎంత కఠినమైనను సహింపవచ్చును. పండుగముందటి రాత్రి మాఱు కట్టుబాటును సహింపలేము. కలెక్టరుగారును, నగరములందు పోలీసు కమీషనరుగారును తమ షరతులను నెల ముందుగా ప్రకటింపవలెనని కోరుట న్యాయమే.

కాని షరతులు పాటించుట మన పాలిది. తాత్కాలికదుకాణములకు 2008 నాటి నియమములలో 84వది వర్తించును: అంటుకొనని వస్తువుతో కట్టిన పాక, పాకకును పాకకును కనీసము మూడు మీటరుల యెడము, ఎదురెదురుగా నుండరాదు, నూనెదీపము కూడదు, ఒకచోట ఏబదికి మించరాదు, ఏబది మీటరులలోపల కాల్చి చూపరాదు. 2022 అక్టోబరు 23న, పండుగకు ముందునాడు, విజయవాడ జింఖానా మైదానమున దుకాణములు అంటుకొని ఇద్దఱు మరణించిరి. మూడు మీటరులకై బేరమాడు సోదరులు ఆ యిద్దఱిని స్మరింపవలెను.

ఇక వీథులలో కాల్చువారి మాట. ఉల్లంఘన జరిగినచో ఠాణాధికారియే స్వయముగా బాధ్యుడని 2018 తీర్పు చెప్పినది. కాని యిద్దఱు జవానులు నూఱు వీథులను కాయగలరా? కాయలేరు. అందుచేత శాసనము నవ్వులపాలగుచున్నది. ఆ తీర్పే మంచి త్రోవయు చూపినది: పదిమందియు కలిసి కాల్చుటకు స్థలములను ముందుగా గుర్తించి ప్రజలకు తెలుపుట. పురపాలకసంఘముగాని గ్రామపంచాయతీగాని పేటకొక్క మైదానము చూపి, ఇసుకబకెట్లు, నీటితొట్టె యుంచినచో, ఆసుపత్రులకును బడులకును నూఱు మీటరుల దూరమున నెంచినచో, ఠాణాధికారికి పని సులువగును. గడ్డివాములును, ముసలివారి గుండెలును బ్రదుకును.

పెండ్లి యూరేగింపులను గూర్చి చెప్పుట కష్టము, వియ్యాలవారు కోపింతురు. మన ముహూర్తములు అర్ధరాత్రులు వచ్చును. లగ్నము మాఱదు, నిజమే. కాని టపాకాయకు లగ్నము లేదు. ఎదురుకోలు పదిలోపల ముగించి, ఆ తరువాత మేళముతో నడచిన వరునికి గౌరవలోపమేమి?

కావున నాలుగు బజారుల నడుమనున్న మన మండపము ముందటి స్థలమును దీపావళినాడు పేటవారందఱికి, కులభేదము లేక, సామూహికస్థలముగా ఇచ్చుటకు పురపాలకసంఘమునకు వ్రాయవలెననియు, పది దాటిన పిమ్మట మండపమున ధ్వనిచేయు బాణసంచా కాల్చినవారి ధరావతు తిరిగి ఇయ్యరాదనియు తీర్మానమును విషయనిర్ణయసభకు సమర్పించుచున్నాను. బాడుగపత్రముపై ఆ పంక్తి చేర్చుటకు కార్యదర్శిగారికి ఒక్క పూట చాలును.